పాకాల యార్డులో ఇరవైమూడు

1947 ఏప్రిల్ 9, బుధవారం. సాయంత్రం ఐదున్నర. పాకాల రైల్వే క్వార్టర్సు, నంబర్ టేకరు ఇంటి పెరడు. ఉన్నవాళ్ళు: నంబర్ టేకరు, ఆయన భార్య, కాఫీ క్లబ్బు పెద్దాయన, నేను. పని: రేపటి మెయిలుకు ఉత్తరం రాయడం. ఎండ ఇంకా తగ్గలేదు.

పై వరుసలు ఆనాటి నా డైరీలో ఉన్నవి ఉన్నట్టుగానే. ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరు అన్నది ముందు రాసుకుంటే తరువాతి సంగతులు వాటంతట అవే క్రమంలో పడతాయని నా అనుభవం.

ఈ పేజీ మళ్ళీ తీయడానికి కారణం మా మనవరాలు. తిరుపతిలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది. మొన్న ఆదివారం భోజనాల దగ్గర తన క్లాసు పిల్లలకిచ్చిన ఒక లెక్క గురించి చెప్పుకొచ్చింది. సున్నా, ఒకటి అని మొదలుపెట్టాలి. చివరి రెండింటినీ కలిపి తరువాతది రాయాలి. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది, పదమూడు, ఇరవైఒకటి, అలా పోతుంది వరుస. అందులో ఒకట్ల స్థానం అంకెను మాత్రమే ఉంచుకుంటూ పోతే అరవై అడుగులకు మళ్ళీ సున్నా, ఒకటి వస్తాయట. "ఎందుకు అరవయ్యో ఒక్కరూ చెప్పలేదు తాతా" అంది.

"పది అంటే రెండు ఐదులు కదా. రెండుకు చక్రం మూడు, ఐదుకు చక్రం ఇరవై. రెండు చక్రాలూ కలిసి మొదటికి వచ్చేది అరవైకి" అన్నాను.

దాని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నేను చదివింది ఎస్సెల్సీ. ఉద్యోగమంతా రైల్వే పార్సెళ్ళలో గడిచింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే పాకాల యార్డులో అని చెప్పాను. ఇంకొకటి కూడా అడిగాను. ఒక విడిపోని సంఖ్యకు, అంటే ప్రధాన సంఖ్యకు, ఎంత చక్రమో, ఆ సంఖ్యను అదే సంఖ్యతో హెచ్చిస్తే వచ్చేదాని చక్రం దానికి ఆ సంఖ్య అన్ని రెట్లు. ఈ నియమం నిలిచిందా, విరిగిందా? అది నీళ్ళు తాగి నిదానంగా చెప్పింది. కంప్యూటర్లతో చాలా దూరం చూశారట. ఎక్కడా తప్పలేదట. ఎప్పటికీ తప్పదని రుజువు చేసినవాళ్ళూ ఇంతవరకు లేరట.

ఆ పూటే బీరువా తెరిచాను.

నంబర్ టేకరు అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. పాకాలలో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. స్టేషనులో నంబర్ టేకరు అనేవాళ్ళు. నేను అన్నా అనేవాణ్ణి. గూడ్సు బండి వచ్చి నిలిస్తే ఇంజను దగ్గర మొదలుపెట్టి బ్రేకువ్యాను దాకా నడిచి, ప్రతి వ్యాగన్ నంబరునూ పుస్తకంలో రాసుకోవడం ఆయన ఉద్యోగం. పొడగరి. నడుస్తున్నప్పుడు తల కొంచెం ఎడమకు వంచేవాడు. ఇతరులు బీడీ పెట్టుకునే చోట, చెవి మీద, సుద్దముక్క పెట్టుకునేవాడు. ఆ చెవి ఎప్పుడూ తెల్లగా ఉండేది.

నేను పార్సెలు ఆఫీసులో చేరిన రోజు ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న నా వయసు. ఇరవైఒకటి అని చెప్పాను.

"ఏడు మూళ్ళు. నిన్ను ఎవురైనా విడగొట్టేస్తారప్పా" అన్నాడు. "ఇంగో రొండేండ్లు ఓర్సుకో. ఇరవైమూడొస్తే మొండోడివైపోతావు. అంతవరకూ గూడ్సు క్లర్కుతో తగువు పెట్టుకోబాక."

మొండోడు అంటే ఆయన భాషలో ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోని సంఖ్య. బడిలో ప్రధాన సంఖ్య అని చెప్పేవారు. ఆయనకు ఆ మాట నచ్చేది కాదు. రెండూ, మూడూ, ఐదూ, ఏడూ, పదకొండూ అందరూ మొండోళ్ళే. మిగతా సంఖ్యలన్నీ ఈ మొండోళ్ళు కలిసి కాపురం చేసే ఇళ్ళు అనేవాడు. వ్యాగన్ నంబరు రాసుకుంటూనే దాన్ని నోటితో విడగొట్టేవాడు. 3599 అని ఒక వ్యాగన్ వస్తే, "అరవైకి ఇటొగడు, అటొగడు" అన్నాడు. యాభైతొమ్మిదినీ అరవైఒకటినీ హెచ్చిస్తే అది వస్తుందని నేను గదికి పోయి కాగితం మీద చేసుకుంటే గాని తెలియలేదు. విడిపోని నంబరు తగిలితే ఆ వ్యాగన్ పక్కను అరచేత్తో రెండుసార్లు తట్టి ముందుకు పోయేవాడు, సంతలో మంచి ఎద్దును తట్టినట్టు. 4001 నంబరు వ్యాగన్ ఒకటి కొన్ని నెలలకొకసారి పాకాల మీదుగా పోయేది. "వచ్చినావా" అని పలకరించేవాడు.

ఆయన అసలు పని మాత్రం ఇంట్లో, పార్సెలు పెట్టెమూతకు మసి పూసి చేసుకున్న పలక మీద జరిగేది. యుద్ధం నాటి కాగితం కరువు ఇంకా తీరలేదు. ఒక సంఖ్యను తీసుకుంటాడు. సున్నా, ఒకటి అని మొదలుపెట్టి చివరి రెండూ కలుపుతూ పోతాడు. మొత్తం ఆ సంఖ్యకు సమమైనా, మించినా ఆ సంఖ్యను తీసివేసి, మిగిలిన శేషం మాత్రమే రాస్తాడు. ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ సున్నా, పక్కనే ఒకటి రాక తప్పదు. అక్కడికి ఎన్ని అడుగులైతే ఆ సంఖ్యకు అంత చక్రం. నాకు నేర్పడానికి రెండుతో చేసి చూపించాడు. సున్నా, ఒకటి, ఒకటి, మళ్ళీ సున్నా, ఒకటి, ఒకటి. మూడడుగులు. ఐదుతో ఇరవై. "పెద్ద ఇంటి చక్రం తిరిగి మొదటికి వచ్చిందంటే, ఆ ఇంట్లో ఉండే మొండోళ్ళ చక్రాలన్నీ కూడా మొదటికి వచ్చిండాల్సిందే. ఒగడు బయటుంటే తలుపు మూసుకోదు" అని చెప్పాడు.

ఇందులో ఆయనకు ఒక చిక్కు ఉండేది. చేతిలో 347, 418 కలుపుతూ నోటితో ఇది ఎన్నో అడుగో ముప్పైఐదు, ముప్పైఆరు అని లెక్కపెట్టబోతే రెండు రకాల అంకెలూ ఒకదానిలో ఒకటి పడిపోతాయి. అందుకని అడుగులను అంకెలతో లెక్కపెట్టేవాడు కాదు. తెలుగు సంవత్సరాల పేర్లతో లెక్కపెట్టేవాడు. ఆయన తండ్రి వీధిబడి పంతులు. అరవై పేర్లూ నిద్రలో కూడా తప్పకుండా వచ్చేవి. అడుగుకొక పేరు. అరవై పేర్లు పూర్తయితే పక్కనున్న చిప్పలో ఒక చింతగింజ వేస్తాడు. అయితే ప్రభవ దగ్గర మొదలుపెట్టేవాడు కాదు. పూజలో సంకల్పం చెప్పినట్టే, నడుస్తున్న సంవత్సరం పేరుతోనే ఎత్తుకోవాలని తండ్రి పెట్టిన అలవాటు. ఏ పేరు ఎన్నోదో చూసుకోవడానికి పార్సెలు అట్ట వెనుక అరవై పేర్లూ వరుస నంబర్లతో రాసిపెట్టుకున్నాడు.

వదిన, అంటే ఆయన భార్య, ఈ వ్యవహారాన్ని ఏనాడూ మెచ్చుకోలేదు, ఆపనూ లేదు. నేను వెళితే చెప్పేది. "అరవై ఏండ్లు పావుగంటలో దాటేస్తాడు మీ యన్న. దుకాణానికి పోయి ఉప్పు తెమ్మంటే మాత్రం ఒగ దినానికీ గడప దాటడు." కాఫీ క్లబ్బు పెద్దాయనది ఇంకో రకం. స్టేషను ఎదురుగా ఆయన హోటలు. నంబర్ టేకరు జాతకాలు కడుతున్నాడని ఆయన నమ్మకం. రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, అరవై ఏళ్ళూ చదివావు కదా, వాన ఏ ఏట పడుతుందో చెప్పమని అడిగేవాడు. నంబర్ టేకరు తల ఎత్తకుండానే, పడిన ఏట చెబుతానని జవాబిచ్చేవాడు.

మద్రాసులో ఒక కాలేజీలో గణితం చెప్పే లెక్చరరు ఒకాయన తిరుమల దర్శనం చేసుకుని చుట్టాల ఊరికి పోతూ పాకాలలో బండి మారడానికి దిగాడు. 1946 వేసవిలో. వచ్చే బండి రెండు గంటలు ఆలస్యం. ప్లాట్‌ఫారం చివర ఒక ఖాళీ వ్యాగన్ పక్కన సుద్దతో రాసి ఉన్న అంకెలు చూసి ఆగిపోయాడట. ఇది రాసినవాడు ఎవడని అడుగుతూ పార్సెలు ఆఫీసుకు వచ్చాడు. నేనే తీసుకుపోయి చూపించాను. ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. బండి వచ్చి నిలబడినా లేవలేదు. నంబర్ టేకరు తన నియమం చెప్పాడు. మూడుకు చక్రం ఎనిమిది, తొమ్మిదికి మూడు ఎనిమిదులు, ఇరవైనాలుగు. ఏడుకు పదహారు, నలభైతొమ్మిదికి ఏడు పదహార్లు, నూటపన్నెండు. అలా పంతొమ్మిది దాకా చూశాడు, అన్నీ కుదిరాయి. లెక్చరరు ఇది తాను ఎక్కడా చూడలేదనీ, ఇంకా ముందుకు పోయి చూడమనీ చెప్పాడు.

"తప్పిపోతే?" అని అడిగాడు నంబర్ టేకరు.

"ఎక్కడ తప్పిందో రాయండి. అదీ కావాలి" అన్నాడాయన. కదిలే బండిలో గార్డు ఆయనను చెయ్యి పట్టి ఎక్కించుకున్నాడు.

ఆయన మరిచిపోలేదు. 1947 ఏప్రిల్ మొదటి వారంలో ఉత్తరం వచ్చింది. వేసవిలో గణిత ఉపాధ్యాయుల సభ ఉందనీ, అందులో ఈ నియమాన్ని నంబర్ టేకరు పేరుతో తాను చదివి వినిపిస్తాననీ, ఇరవైమూడు సంగతి కూడా తేలితే బాగుంటుందనీ, శుక్రవారం లోపల అందాలనీ రాశాడు. శుక్రవారం అందాలంటే గురువారం ఉదయం పది గంటల మెయిలులో ఉత్తరం పడాలి.

ఇరవైమూడుకు చక్రం నలభైఎనిమిది. ఇరవైమూడు ఇరవైమూళ్ళు 529. నియమం నిలవాలంటే 529కి చక్రం ఇరవైమూడు నలభైఎనిమిదులు, అంటే 1104 కావాలి. ఆయన ఆ లెక్క మార్చిలోనే మొదలుపెట్టాడు. ఏప్రిల్ 8న, మంగళవారం, ముగించాడు. వచ్చింది 1105.

బుధవారం సాయంత్రం నన్ను పిలిపించింది ఆ సంగతి ఇంగ్లీషులో రాసిపెట్టడానికి. నేను వెళ్ళేసరికి పెరట్లో చాప మీద వదిన చింతపండు కొట్టి గింజ తీస్తోంది. కాఫీ క్లబ్బు పెద్దాయన అరుగు మీద ఉన్నాడు. ఆయన కూడా ఆరోజు వాన ఊసు ఎత్తలేదు. నంబర్ టేకరు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెవి మీద సుద్దముక్క లేదు.

చెప్పడం మొదలుపెట్టాడు, నేను రాశాను. అయ్యా, ఇరవైమూడు దగ్గర నియమం తప్పింది. 529కి చక్రం 1105. దయచేసి సభలో చదవవద్దు. ఇన్నాళ్ళూ మీ సమయం తీసుకున్నందుకు క్షమించాలి. అంతే. పన్నెండేళ్ళ పని నాలుగు వరుసల్లో అయిపోయింది.

వదిన రోకలి ఆపి, "ఒగటి యెచ్చొస్తే అంత పెద్ద తప్పా?" అని అడిగింది.

"ఒగటే యెచ్చు. దాని కోసరమే నియమం పోయింది" అన్నాడు.

నేను సంతకానికి కాగితం ఆయనకు ఇవ్వలేదు. అంకె రాస్తే దాన్ని విడగొట్టి చూడడం ఆయన సహవాసంలో నాకూ అంటుకున్న జబ్బు. 1105ను నలభైఎనిమిదితో భాగించి చూశాను. ఇరవైమూడుసార్లు పోయి ఒకటి మిగిలింది. మిగలకూడదు కదా అనిపించింది. ఆయనే నేర్పిన సంగతి కనుక అడగడానికి కొంచెం సంకోచించాను, తరువాత అడిగేశాను.

"అన్నా, 529 ఇంట్లో ఉండేది ఇరవైమూడే కదా. పెద్ద చక్రం మొదటికి వస్తే ఇరవైమూడు చక్రం కూడా మొదటికి రావాల. 1105 అడుగులకు అది మొదటి చోట లేదు, ఒక అడుగు దాటి ఉండాది. తలుపెట్ల మూసుకునింది?"

ఆయన పలక వైపు చూశాడు.  తరువాత కోపం వచ్చింది. కూడికలో ఎక్కడైనా చెయ్యి తప్పి ఉండవచ్చు గాని అడుగుల లెక్క తప్పలేదన్నాడు. చిప్ప తెచ్చి నా ముందు బోర్లించాడు. పద్దెనిమిది గింజలు. పద్దెనిమిది అరవైలు 1080. ఆ పైన ఇరవైఐదు. ఎక్కడుంది తప్పు? గింజలు పొరపాటున కలిసిపోయాయేమోనని ఆయన చూపు చాప మీదికి పోయింది. వదిన ఆ చూపును పట్టేసింది.

"నా గింజలు నీ గింజల్లో కలవలేదు సామీ. నీవి పోయినేడువి, నల్లబడిండాయి. నావి ఈ యేడువి. కండ్లుంటే సూడు."

కాఫీ క్లబ్బు పెద్దాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పోయినేడు, ఈ యేడు అన్న మాటలు నాకు అడ్డం తగిలాయి. నా క్వార్టరు రెండు ఇళ్ళ అవతల. పోయి డైరీ తెచ్చాను. మార్చి 20: నంబర్ టేకరు ఇల్లు. పదకొండో గింజ పడింది. పండగకు ఇంటికి సున్నం కొడుతున్నారు, లెక్క ఆపేశాడు. మార్చి 25: ఉగాది అయిన మూడో రోజు. మళ్ళీ మొదలు. సర్వజిత్తు అని ఎత్తుకున్నాడు. పెద్దాయన, కొత్త ఏడు అందరికన్నా ముందు నీ నోట్లోకే వచ్చిందే అన్నాడు.

అది చదివి వినిపించి, నిన్న లెక్క ఏ పేరు దగ్గర ముగిసిందని అడిగాను.

"సాధారణ" అన్నాడు.

"సాధారణ ఎన్నోది?"

ఆయన లోపలికి పోయి అట్ట తెచ్చాడు. తలుపు దగ్గరే ఆగిపోయి దాన్ని చూస్తూ ఉండిపోయాడు. అట్ట మీద మొదటి పేరు వ్యయ. పోయిన ఏడాది రాసుకున్నది. వ్యయతో మొదలుపెట్టి లెక్కిస్తే సాధారణ ఇరవైఐదోది. ఆయన నోరు మాత్రం ఉగాది తరువాత సర్వజిత్తుతో మొదలుపెడుతోంది. ప్రతి గింజకూ అరవై పేర్లు సరిగానే పడ్డాయి, ఎక్కడ మొదలుపెట్టినా అరవై అరవయ్యే. చివర మిగిలిన కొన్ని అడుగులకే అట్ట చూడాల్సి వచ్చింది. ఆయన వేళ్ళ కణుపుల మీద సర్వజిత్తు, సర్వధారి, విరోధి, వికృతి అంటూ పోయాడు. సాధారణ అనేసరికి ఇరవైనాలుగో కణుపు.

 వదినే ముందు మాట్లాడింది. "ఉగాదికి ఇల్లంతా సున్నం కొట్టినాను. ఆ అట్టను మాత్రం తుడవనీలేదు ఈ యప్ప. అది ఇంగా పోయినేట్లోనే ఉండాది."

నేను 1105ను కొట్టేసి 1104 అని రాయబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టు గట్టిగా ఉంది.

"ఉండు. తప్పు యాడుందో సూసినాము. సరి యాడుందో సూసినామా?"

"అన్నా, ఒకటి తీసేస్తే వస్తుంది కదా."

"కావల్సిన అంకె వచ్చిందని రాసేది లెక్క కాదప్పా. గూడ్సులో వ్యాగను కనపడకపోతే, ఉండాల్సిందే కదా అని నేను నంబరు రాసుకోను. పోయి సూస్తాను." సుద్దముక్క వెతికి చెవి మీద పెట్టుకున్నాడు. "తెల్లారి మొదట్నించి సేద్దాం. పదింటికి మెయిలు. కుదిరితే కొత్త ఉత్తరం పోతుంది. కుదరకపోతే ఆ ఉత్తరమే పోతుంది."

ఆ ఉత్తరం అంటే నియమం తప్పిందన్నది. అది నా జేబులోనే ఉంచమన్నాడు.

మరునాడు ఏప్రిల్ 10. ఐదున్నరకు మొదలుపెట్టాము. ఆయనకు డ్యూటీ మధ్యాహ్నం. నాకు ఒక పూట సెలవు. ఈసారి పేర్లు వద్దన్నాడు. ఆయన కలిపి శేషం గట్టిగా చదువుతాడు. నేను వరుస నంబరు డైరీలో రాసి పక్కన ఆ శేషం వేస్తాను. నూరు అడుగులకొకసారి వదిన ఒక కొత్త గింజ పెడుతుంది. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. వదిన పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి కూర్చుంది.

551వ అడుగుకు సున్నా వచ్చింది. నేను తల ఎత్తాను. 552కు వచ్చింది ఒకటి కాదు, 528. అంటే 529కి ఒకటి తక్కువ.

"మొదటిసారి కూడా ఇది వచ్చిందా?" అని అడిగాను, మాట్లాడకూడదన్నది మరిచి.

"వచ్చింటుంది. పక్కనోడు ఒగటి కాదని వదిలేసింటాను" అన్నాడు. తరువాత సుద్దముక్క కింద పెట్టి, కళ్ళు మూసుకుని, "552లో ఇరవైమూడు ఉండాదా?" అన్నాడు. అడగడం నన్నే గాని జవాబు ఆయనకు తెలుసు. ఇరవైనాలుగు ఇరవైమూళ్ళు, కావలసిన 1104లో సరిగ్గా సగం.  వదిన లేచి లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, మళ్ళీ మొదలుపెట్టాడు. సగంలో మంచిది కనిపించిందని ముందుకు దూకలేదు. ఒక్కొక్క అడుగూ అంతే నిదానంగా చదివాడు. ఎనిమిదిన్నరకు కాఫీ క్లబ్బు పెద్దాయన చెంబుతో కాఫీ తెచ్చి, మమ్మల్ని చూసి, చెంబు గుమ్మం మీద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

వెయ్యి దాటింది. పదకొండో గింజ దగ్గర పడింది. 1098కి ఐదు. 1099కి 526. 1100కు రెండు. వదిన గింజ పెట్టింది. 1101కి 528.

"వస్తాండాది" అన్నాడు నెమ్మదిగా. మొదట్లో రాసిన ఒకటి, రెండు, మూడు, ఐదు ఇప్పుడు వెనక్కి నడుచుకుంటూ ఇంటికి వస్తున్నాయి. ఒకటి విడిచి ఒకటి 529లోంచి తీసివేసిన రూపంలో ఉన్నా, ఆయన వాటిని గుర్తుపట్టాడు.

1102కు ఒకటి. 1103కు సున్నా. 1104కు ఒకటి.

నేను ఆ అంకె రాసి కింద గీత గీశాను. టైము తొమ్మిదీ ఇరవై. పెద్దాయన ఇక మాట్లాడవచ్చునా అని అడిగాడు. ఏమి మాట్లాడతావంటే, ఏమీ లేదు, కాఫీ చల్లారిపోతోంది అన్నాడు.

కొత్త ఉత్తరం రాశాను. ఇరవైమూడుకు 48. 529కి 1104. నియమం నిలిచింది. సంతకం చేయబోతూ ఆయన ఇంకో రెండు వరుసలు చేర్చమన్నాడు. మొదట 1105 వచ్చింది. లెక్క జరుగుతుండగా సంవత్సరం మారింది, అట్ట మార్చుకోలేదు, ఆ తప్పు నాది. నేను వద్దన్నాను. సభలో పెద్దవాళ్ళు చదువుతారు, నవ్వుతారు అన్నాను.

"నగనీ. ఇంగెవురన్నా లెక్క సేస్తా పండగ దాటితే పనికొస్తుంది" అన్నాడు.

మెయిలు ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆయన బండిలోని తపాలా బోగీ కిటికీ దగ్గర నిలబడి, ఉత్తరాలు వేరుచేసే సార్టరు మా ఉత్తరం సంచిలో వేసేదాకా చూసి వచ్చాడు. నా జేబులోని పాత ఉత్తరాన్ని అడిగి తీసుకుని, వెనుక వైపు ఖాళీగా ఉందని మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

ఆ తరువాత రెండేళ్ళకు నాకు బదిలీ అయింది. అప్పటికి ఆయన లెక్క నలభైఒకటి దాటింది. ఆ పైన ఎంత దూరం వెళ్ళాడో నాకు తెలియదు. ఆ ఉదయం మాత్రం తెలుసు. మేము స్టేషను నుంచి తిరిగి వచ్చేసరికి వదిన పలక కడిగి ఎండలో ఆరబెట్టి ఉంచింది. పై అంచున వంకరగా ఒక సున్నా, దాని పక్కన ఒక ఒకటి వేసి ఉన్నాయి. ఆమెకు అంకెలు రాయడం వచ్చునని నాకు తెలియదు. ఆయనకూ తెలిసినట్టు లేదు. నిలబడిపోయాడు.

"తరువాత మొండోడు యెవురు?" అని అడిగింది ఆమె, చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"ఇరవైతొమ్మిది."

"కూసో అయితే. నేను లెక్కబెడతాను."

ఆయన చెవి మీది సుద్దముక్క తీసి రెండుగా విరిచి, పెద్ద ముక్క ఆమెకు ఇచ్చాడు.